రజియాపై అమీర్ల అభియోగం

ఢిల్లీలోని తుర్క్‌మన్ గేటు పేరు వినగానే రాజకీయాలు తెలిసిన పాఠకులకు 1976 నాటి కూల్చివేతలు, కాల్పులు జ్ఞప్తికి వస్తాయి. ఆ గేటుకు సమీపాననే, బుల్బులీఖానా సందులలో పైకప్పు లేని చిన్న ఆవరణలో ఒక సమాధి ఉన్నది. ఢిల్లీ సుల్తానులలో ఏకైక మహిళ అయిన రజియా సమాధి అదేనని పరంపరగా చెబుతారు.

ఆమెను వారసురాలిగా నిర్ణయించినవాడు తండ్రి ఇల్తుత్‌మిష్. 1232లో గ్వాలియర్‌ను జయించి వచ్చిన పిమ్మట ఆ మేరకు ఫర్మానా వ్రాయించాడు. ఎదిగిన కుమారులుండగా ఇదేమి నిర్ణయమని మంత్రులు ప్రశ్నించగా, వారు విలాసాలలో మునిగి ఉన్నారనీ, రాజ్యభారం మోయగలది ఈమె ఒక్కతేననీ సమాధానమిచ్చాడు. 1236లో ఆయన మరణించగానే అమీర్లు ఫర్మానాను ప్రక్కకు నెట్టి రుక్నుద్దీన్ ఫిరోజ్‌ను గద్దెనెక్కించారు. అధికారం మాత్రం అతని తల్లి షా తుర్కాన్ చెలాయించింది. ఏడు మాసాలు నిండకముందే ఆ పాలన కూలింది. తనను హతమార్చ యత్నించిన షా తుర్కాన్‌పై రజియా నేరుగా నగర ప్రజలకు మొర పెట్టుకున్నది. జనం రాజప్రాసాదంపై విరుచుకుపడ్డారు. వారసత్వ వివాదంలో రాజధాని పౌరులు తీర్పు చెప్పడం ఆ యుగంలో అరుదైన విషయం. వజీరు జునైదీతో చేతులు కలిపి ఢిల్లీపైకి వచ్చిన రాష్ట్రపాలకులను కూడా ఆమె వారిలో వారికే చెడేటట్లు చేసి చెదరగొట్టింది. కూటములను చీల్చే విద్య మన పార్లమెంటుతో పుట్టినది కాదు!

తెర వెనుక కూర్చుని దర్బారు నడిపినంతకాలం అమీర్లకు పేచీ లేదు. ఆమె తెర తొలగించి, పురుషుల అంగీ, టోపీ ధరించి, ఏనుగుపై పురవీధులలో కానరాగానే అలజడి మొదలయింది. నాణేలపై సుల్తాన్ అనే ముద్రించుకున్నది. పాతికేళ్ల అనంతరం ఓరుగల్లులో రుద్రమదేవి సైతం రుద్రదేవ మహారాజుగా శాసనాలు వేయించుకోవలసి వచ్చిందని తెలుగువారికి గుర్తు చేయనక్కరలేదు.

అసలు తగవు పదవుల వద్ద వచ్చింది. తురుష్క సర్దారులు తమ సొత్తుగా భావించిన అశ్వశాలాధ్యక్ష పదవిని ఆమె హబ్షీ అయిన యాకూత్‌కు ఇచ్చింది. తర్వాతివారు దీనిని ప్రణయగాథగా మార్చారు. 1983లో హిందీ సినిమా కూడా వచ్చింది. సమకాలికుడైన మిన్హాజ్ మాత్రం యాకూత్ ఆమె ఆదరం పొందాడని చెప్పి ఊరుకున్నాడు. ప్రభువుకుండవలసిన గుణాలన్నీ ఆమెకున్నవని లెక్కించి, పురుషుడుగా పుట్టనందున అవి నిష్ప్రయోజనమన్నదీ ఆయనే. పాలన చేతకాదన్న ఆరోపణ ఎక్కడా లేదు.

1240లో లాహోరు పాలకుని తిరుగుబాటును ఆమె స్వయంగా సేన నడిపి అణచింది. వెంటనే భటిండాలో అల్తూనియా తిరగబడ్డాడు. ఢిల్లీలో ప్రజల మధ్య ఉన్నంతవరకు ఆమె జోలికి రాని అమీర్లు అక్కడి దండువిడిదిలో యాకూత్‌ను చంపి, ఆమెను బందీని చేశారు. గద్దెపై బహ్రాం షాను నిలిపారు. ఆశించిన పదవి దక్కని అల్తూనియా రజియాను వివాహమాడి, ఆమెతో కలిసి ఢిల్లీపైకి నడిచాడు. ఓడిపోయిన ఆ ఇద్దరినీ ఆ ఏడాది అక్టోబరులో కైథల్ సమీపాన చంపివేశారు.

చెప్పినట్లు వింటాడని తెచ్చిన బహ్రాం షాను అమీర్లు 1242లో చంపించారు.