కొయ్యదిమ్మెలతో ఆడిన శిల్పి

ఆత్రేయపురము చెంత గోదావరి యొడ్డున, తడియిసుకలో పాదము దూర్చి, పైనుండి తట్టి, మెల్లగా వెనుకకు లాగి పిచ్చుకగూడు కట్టని బాలుడుండడు. కొంతసేపటికి ఆ గూడు కూలిపోవును. బాలుడు పెద్దవాడై ఆ యాటను మరచును. తన బిడ్డను వెంటబెట్టుకొని మరల ఏటియొడ్డునకు వచ్చిననాడు గాని అది జ్ఞప్తికి రాదు. అమెరికా దేశపు వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కథయు ఇట్టిదే.

రైట్ 1867వ సంవత్సరము జూన్ 8వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమున జన్మించెను. తండ్రి మతబోధకుడు, సంగీతజ్ఞుడు. రాబడి అంతంత మాత్రము. తల్లి ఆనా 1876లో ఫిలడెల్ఫియా నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనమునకు పోయి, అచ్చట ఫ్రోబెల్ కల్పించిన ఆటవస్తువులను చూచెను. శిశుపాఠశాలకు కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన జర్మనీ విద్యావేత్త ఈ ఫ్రోబెలే. వానిలో ఒక పెట్టెయందు ఎనిమిది చిన్న ఘనములుండును. అన్నియు కూర్చినచో ఒక పెద్ద ఘనమగును. విడదీసి పేర్చినచో కుర్చీ, మెట్లు, గోడ, ద్వారము ఏదైనను కావచ్చును. అయితే ఆటకొక నియమము కలదు. ఒకటి కట్టిన పిమ్మట దానిని పడగొట్టరాదు; దిమ్మెలను జరుపుచునే మరియొక రూపమునకు తేవలెను. ఒక్క దిమ్మెయు మిగులరాదు. తొమ్మిదేండ్ల రైట్ చిన్నబల్ల ముందు కూర్చుండి, నున్నని మేపుల్ చెక్క దిమ్మెలతో ఈ విద్య నేర్చెను.

1887లో చదువు ముగియకయే షికాగో చేరి, కొలదికాలములో సల్లివన్ అను ప్రసిద్ధ శిల్పి కార్యాలయమున పనికి కుదిరెను. 1889లో కాథరిన్‌ను వివాహమాడి, ఓక్ పార్కున ఇల్లు కట్టుకొనెను. క్రమముగా ఆరుగురు బిడ్డలు కలిగిరి. అంగడివారికి బాకీలు పడుచునే ఆయన 1895లో బిడ్డలకొక ఆటగది కట్టించెను. గృహస్థునకిది మెచ్చదగిన పద్ధతి కాదు గాని, గది మాత్రము మెచ్చదగినదే. పైకప్పు పీపాను నిడువుగా చీల్చి బోర్లించినట్లుండును. కిటికీలు పసిబిడ్డ కన్నులకందునంత దిగువను అమర్చబడెను. పెద్ద పియానో ముందుభాగము గదిలోను, వెనుకభాగము గోడకావల మెట్లపైని వ్రేలాడుచును ఉండును. పిల్లలకు చోటు తగ్గరాదని చేసిన యుక్తి! కాథరిన్ ఆ గదిలో తన బిడ్డలకును ఇరుగుపొరుగు పిల్లలకును ఫ్రోబెల్ పద్ధతిని బోధించెను. తల్లి తనకిచ్చిన ఆట తండ్రియైన పిమ్మట ఇట్లు మరల ఆయన ఇంటికి వచ్చెను.

ఆ గది కట్టినవాడే 1909లో భార్యాబిడ్డలను విడిచి ఐరోపాకు వెడలిపోయెను. కడగొట్టు కుమారునకు అప్పటికి ఆరేండ్లు నిండలేదు. ఆయన కట్టిన సౌధములెంత గొప్పవైనను ఈ తప్పును కప్పజాలవు.

రెండవ కుమారుడు జాన్ మాత్రము పెద్దవాడై తండ్రి కొలువున చేరెను. టోక్యో నగరపు ఇంపీరియల్ హోటలు నిర్మాణమున తండ్రికి తోడ్పడెను. జీతము విషయమున వివాదము పుట్టి తండ్రి అతనిని తొలగించెను. ఆ హోటలు 1923 భూకంపమున కొంత చెడినను కూలక నిలిచెను. దాని పునాదికి తండ్రి యోచించిన దూలముల కూర్పును చూచియే జాన్‌కు ఒక ఆటవస్తువు తోచినదందురు. గంట్లు పెట్టిన చిన్న కొయ్యదుంగలు ఒకదానిపై నొకటి బిగిసి ఇల్లగును. లింకన్ లాగ్స్ అను ఈ ఆటకు 1920లో పేటెంటు లభించెను. ఎందరో అమెరికా బాలురు వానితో ఇండ్లు కట్టిరి.

రైట్ 1959 ఏప్రిల్ 9న, తొంబదియొకటవ యేట మరణించెను. చిన్ననాటి ఆ కొయ్యదిమ్మెల నునుపు తన వ్రేళ్లకింకను తెలియుచున్నదని ఆయన తన రచనలలో చెప్పుకొనెను.