పాదచారి స్టీవెన్సన్

పరదేశములను చూచుటకు వాహనములు పెక్కు కలవు. కాని యొక దేశపు మట్టిని, గాలిని, మనుష్యులను దగ్గరగా నెరుగవలెనన్న కాలినడకను మించిన సాధనము లేదు. ఈ సత్యమును స్వయముగా ననుభవించి లోకమునకు తెలిపిన రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్.

అతడు 1850వ సంవత్సరము నవంబరు 13వ తేదీన స్కాట్లండునందలి ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రియు, తాతయు సముద్రతీరములందు దీపస్తంభములను నిర్మించిన ప్రసిద్ధ ఇంజనీర్లు. స్టీవెన్సన్ మాత్రము చిన్ననాటినుండి రోగపీడితుడు. ఊపిరితిత్తుల బాధచే బాల్యమున పెక్కు దినములు పడకమీదనే గడపెను. దాది చెప్పిన కథలే యా దినములలో నతనికి తోడు. పెద్దవాడై న్యాయశాస్త్రము చదివి, 1875లో న్యాయవాది యయ్యెను. కాని న్యాయస్థానముకంటె రచనయు, దేశసంచారమును అతని మనస్సు నెక్కువగా నాకర్షించెను.

1878వ సంవత్సరమున అతడు ఫ్రాన్సు దేశమునందలి సెవేన్ పర్వతప్రాంతమును ఒంటరిగా నడచి చూడ నిశ్చయించెను. లోపల గొఱ్ఱెతోలును, వెలుపల నీరు చొరని గుడ్డయు గల పెద్ద సంచి నొకదానిని కుట్టించుకొనెను. పగలు అది సామానుల మూట. రాత్రి అదియే పడక. దానిని మోయుటకై 65 ఫ్రాంకులును, ఒక గ్లాసెడు బ్రాందీయు నిచ్చి యొక చిన్న ఆడగాడిదను కొని, దానికి మొదెస్తీన్ అని పేరు పెట్టెను. అణకువ గలదని యా పేరునకు అర్థము. పేరునకును, నడవడికిని పొత్తు కుదరలేదు!

సెప్టెంబరు 22వ తేదీన లె మొనాస్తియే గ్రామమునుండి ప్రయాణము సాగెను. గాడిద అడుగు తీసి అడుగు వేయదు. మూట జారి నేల పడగా చూచువారు నవ్విరి. త్రోవలో నొక సత్రపు యజమాని ములుకోల చేసి యిచ్చిన పిదపగాని నడక కుదుటపడలేదు. ఒకనాటి చీకటిలో బాట తప్పి యొక పల్లెకు చేరగా, అచటి వారు గడప దాటి వచ్చి త్రోవ చూప నిరాకరించిరి. అతడు వానలో అడవియందే పరుండెను. మరునాడు వేరొక పల్లెలో నొక వృద్ధుడు కొంతదూరము తోడు వచ్చి బాట చూపెను. నడచువానికి మనుష్యుల మంచిచెడ్డలు రెండును తెలియును గదా!

మరియొక రాత్రి పైన్ చెట్లనడుమ, నక్షత్రముల క్రింద అతడు హాయిగా నిద్రించెను. తెల్లవారిన పిదప ఆ బసకు బాడుగగా కొన్ని నాణెములను పచ్చికపై చల్లి ముందునకు సాగెను. ఇట్లు పండ్రెండు దినములలో సుమారు 120 మైళ్లు నడచెను. రోగపీడితుడైన వాడు కొండలెక్కి దిగి, తన బలమును తానే కనుగొనెను. చివరకు సెయింట్ జాన్ దు గార్ పట్టణమున గాడిదను 35 ఫ్రాంకులకు అమ్మివేసెను. ములుకోలతో పొడిచి నడిపించిన యా మూగప్రాణిని విడిచి పోవునపుడు మాత్రము అతడు కన్నీరు పెట్టెను. ఆ యాత్రాకథ 1879లో గ్రంథముగా వెలువడెను. 1883లో గ్రంథరూపమున వచ్చిన ట్రెజర్ ఐలండ్ అతని కీర్తిని దేశదేశములకు వ్యాపింపజేసెను.

ఆరోగ్యమునకై స్టీవెన్సన్ 1888లో పసిఫిక్ మహాసముద్రముపై పయనించి, 1890లో సమోవా ద్వీపమున స్థలము కొని స్థిరపడెను. అచటి వారు అతనిని కథలు చెప్పువాడను అర్థమున టుసిటాలా అని పిలిచిరి. ద్వీపములో జరిగిన కలహములందు చెరపడిన నాయకులకు అతడు ఆహారము పంపి ఆదరించెను. విడుదలయైన పిదప వారు కృతజ్ఞతతో 1894లో అతని యింటికి తమ చేతులతో బాట వేసిరి. ఆ యేడాదియే డిసెంబరు 3వ తేదీన, 44వ యేట అతడు మరణించెను. సమోవా ప్రజలు వైయా కొండపైకి అడవి నరికి త్రోవ చేసి, అతని దేహమును భుజములపై మోసి, శిఖరమున ఖననము చేసిరి.

సెవేన్ కొండలలో అతడు నడచిన బాట నేటికిని స్టీవెన్సన్ పేరుననే పిలువబడుచున్నది. పలుదేశముల యాత్రికులు, కొందరు గాడిదలను వెంటబెట్టుకొనియు, ఆ బాటలో నడచుచున్నారు. త్వరగా పోవువాడు ఊరు చేరును. మెల్లగా నడచువాడు ఊరివారిని చేరును.