స్త్రీల చరిత్ర వ్రాసిన విదుషీమణి భండారు అచ్చమాంబ

మన ఖమ్మం పట్టణము నొరసి పారు మున్నేరు దక్షిణముగా సాగి, పెనుగంచిప్రోలు మీదుగా నందిగామ సీమను తడిపి కృష్ణలో గలియును. ఆ నందిగామలో 1874వ సంవత్సరమున శ్రీమతి భండారు అచ్చమాంబగారు జన్మించిరి. తండ్రి కొమఱ్ఱాజు వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు పూనుకొన్నవారిలో ఒకరును, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు ఆద్యుడును అగు లక్ష్మణరావు పంతులుగారు ఈమె తమ్ముడు. గ్రంథాలయోద్యమ మెరిగినవారు తమ్ముని పేరు తప్పక తలతురు. అక్క పేరు తలచువారు మాత్రము అరుదు.

చిన్ననాటనే తండ్రి గతించెను. బాల్యముననే భండారు మాధవరావుగారితో వివాహము జరిగెను. ఆయన మధ్యపరగణాలలో ఉద్యోగి యగుటచే కాపురము తెలుగునాటికి దూరమాయెను. తమ్ముడును ఆ యింటనే యుండి చదువుకొనెను. బాలురకు బడియు, బాలికలకు వంటయిల్లును అని నిర్ణయించిన కాలమది. తమ్ముడు పాఠములు చదువుచుండ అక్క ప్రక్కన గూర్చుండి అక్షరములు దిద్దెను. ఏకలవ్యునికి గురుప్రతిమయైన నుండెను. ఈమెకు తమ్ముని పుస్తకములే గురువులు. క్రమముగా హిందీ, మరాఠీ, వంగ, గుర్జర భాషలును నేర్చి, సంస్కృతాంగ్లములందును కొంత పరిచయము గడించెను.

కన్న బిడ్డ లిరువురును పసితనముననే మరణించిరి. ఆ శోకమున మునిగిపోక ఆమె గ్రంథరచనకు బూనెను. స్త్రీలు స్వభావముచేతనే అబలలు, అల్పబుద్ధులు అను మాటను తర్కముతో గాక దృష్టాంతములతో ఖండింపదలచెను. లోపము పుట్టుకలో లేదు, విద్య నియ్యకపోవుటలో నున్నదని ఆమె నిశ్చయము. భరతఖండమున రాజ్యమేలిన, యుద్ధము చేసిన, కవిత్వము చెప్పిన, శాస్త్రము నేర్చిన స్త్రీల వృత్తాంతములను పలు భాషల పుస్తకములనుండి యేర్చి కూర్చెను. అదియే 1901లో వెలువడిన అబలాసచ్చరిత్ర రత్నమాల మొదటి భాగము. పురాణస్త్రీలను, విదేశస్త్రీలను గూర్చియు తరువాతి భాగములు వ్రాయ సంకల్పించెను.

వ్రాతతోనే తృప్తి నొందలేదు. 1902లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గలిసి బృందావన స్త్రీసమాజమును నెలకొల్పెను. ఆ యేటనే హిందూసుందరి పత్రికలో ధనత్రయోదశి యను కథను ప్రకటించెను. లేమిచే పరధనమున కాశపడిన భర్తను భార్య ధర్మమార్గమునకు మరల్చుట అందలి విషయము. పురాణగాథ గాక సాటి సంసారుల బ్రతుకునే కథగా జెప్పుట ఆనాటికి క్రొత్త.

1905లో బిలాసపురమున ఆమె స్వర్గస్థురాలయ్యెను. అప్పటికి వయస్సు ముప్పది దాటినదో లేదో. తలపెట్టిన గ్రంథము పూర్తి గాకయే నిలిచెను.

పిమ్మట పెక్కు దశాబ్దములు మొదటి తెలుగు కథ యను గౌరవము 1910 నాటి గురజాడవారి దిద్దుబాటునకే చెల్లుచు వచ్చెను. గురజాడవారి ఘనతకు లోపమేమియు లేదు. కాని లెక్క వ్రాయువారికి తెలిసిన విషయ మొకటి కలదు: ఒక పద్దు విడిచినచో క్రింది మొత్తము లెంత శ్రద్ధగా గూడినను సరిపడవు. ఆమె కథలు స్త్రీల పత్రికలలో నుండుట, సాహిత్యచరిత్రకారులు ఆ పత్రికలను తిరుగవేయకపోవుట ఈ లోపమునకు కారణములు. తరువాతి పరిశోధకులు పాత సంచికలు వెదకి ఆ కథలను వెలికిదీసిరి. మరువబడిన స్త్రీలకు చరిత్రలో చోటు గల్పించిన ఆమెకే చోటు దొరకుటకు ఇంతకాలము పట్టినది.

పాత పత్రికలను ఎవరో దాచియుంచుటచేతనే గదా ఆ పద్దు మరల దొరకినది! గ్రంథాలయమునకు ఇంతకంటె వేరు ప్రయోజన మేమి కావలెను? ఈ రజతోత్సవ సమయమున మన అలమారలో తమ్ముని గ్రంథముల సరసన అక్క గ్రంథమునకును స్థాన మిత్తము. చందాదారులు తామొక్కరే చదివి మిన్నకుండక, ఇంటనున్న ఆడుబిడ్డల చేతికి దాని నందింతురుగాక.