జాషువాకు గురువు దొరికారు, మన పిల్లలకో?

మాచవరం, వినుకొండ ఇప్పుడు ఒకే పల్నాడు జిల్లాలో ఉన్నాయి. ఈ నేల బిడ్డ, మహాకవి గుర్రం జాషువాకు జయంతికీ వర్ధంతికీ దండలు వేస్తున్నాం. ఆయనకు కావ్యం నేర్పిందెవరు, ఆ చదువు ఆయన చేతిలో ఏమైందన్నది మాత్రం అంతగా మాట్లాడుకోవడం లేదు.

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. పెరిగింది క్రైస్తవ ఇంట్లో. మిషన్ బడి అక్షరాలు నేర్పింది. కానీ ఆ రోజుల్లో కవి కావాలంటే అక్షరాలు చాలవు. ఛందస్సు, వ్యాకరణం, సంస్కృత కావ్యాలు రావాలి. అవి గురువు దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిన చదువులు. అంటరానివాడని ముద్ర వేసిన పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకునే గురువెవరు?

జాషువాకు ఇద్దరు తోడయ్యారు. బాల్య స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాహచర్యంలో కవిత్వంపై మక్కువ పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు.

గురువు దొరికినంత మాత్రాన కులం వదల్లేదు. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో జాషువా పద్యాలు చదివితే, ఇతన్ని లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. హిందూ పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు వెలివేశారు. రెండు వైపులా తలుపులు మూసినా ఆయన కలం ఆపలేదు.

బతుకుదెరువు కోసం రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చదివి వినిపించారు. తర్వాత గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పాఠాలు చెప్పారు. 1928 నుంచి 1942 వరకు తెలుగు పండితుడిగా పనిచేశారు. గురువు కోసం వెతుక్కోవాల్సిన కులంలో పుట్టినవాడు, తానే గురువయ్యాడు.

1941లో గబ్బిలం వచ్చింది. కాళిదాసు కావ్యంలో యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో కడుపు కాలిన దళితుడు కాశీలోని శివుడికి గబ్బిలంతో తన గోడు పంపుతాడు. మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు. గురువు దగ్గర నేర్చిన కావ్యాన్నే జాషువా కులం మీద ఎక్కుపెట్టారు. చదువు దక్కితే దళితుడు దాన్ని అనుకరించి ఊరుకోడు, తన బతుకుకు తగ్గట్టు తిరగరాస్తాడు. దాన్ని మనవాళ్లకు అందనీయకపోవడానికి అసలు కారణం కూడా ఆ భయమే.

అవధాన ప్రక్రియలో దిగ్గజమైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తర్వాత తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో క్రీస్తుచరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఇప్పుడు మాచవరం పల్లెల్లో ఒక మాదిగ పిల్ల వ్యాసమో కథో రాసిందనుకుందాం. దాన్ని ఓపికగా చదివి, ఎక్కడ తప్పిందో, ఎక్కడ బాగుందో చెప్పేవాళ్లు ఎవరున్నారు? డబ్బున్న ఇళ్ల పిల్లలకు ట్యూషన్లు, కోచింగులు ఉన్నాయి. మన పిల్లలకు బడి, హాస్టల్ తప్ప వేరే దారి లేదు.

జాషువాకు ఒక హనుమచ్ఛాస్త్రి దొరకడం అదృష్టం. అదృష్టం మీద ఒక జాతి చదువును వదిలేయలేం. చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడిన మనవాళ్లు వారానికి ఒక పూట ఊళ్లోని హాస్టల్‌కు వెళ్లి ఆ రాతలు చదవాలి. బళ్లలో భాషా ఉపాధ్యాయుల ఖాళీలు నింపమని ప్రభుత్వాన్ని అడగాలి. జాషువాకు దండ వేసే ప్రతి చేయీ ఒక పిల్ల నోట్‌బుక్ కూడా పట్టుకోవాలని మేం కోరుతున్నాం.