ఇంట్లో భార్య, సోదరి.. బడిలో కుర్రాళ్లు: అందరిచేతా కుంచె పట్టించిన దామెర్ల

బొమ్మలేస్తే చదువు పాడవుతుందని పిల్లల చేతిలోంచి రంగులు లాక్కునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దామెర్ల రామారావు జీవితాన్ని మాత్రం ఓ మాస్టారి ప్రోత్సాహమే మలుపు తిప్పింది.

1897లో పుట్టిన ఈ రాజమండ్రి కుర్రాడి బొమ్మలు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కంట పడ్డాయి. ఆయన చొరవతోనే 1916లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో సీటు. చదువయ్యాక రామారావు బొంబాయిలో ఉండిపోలేదు. సొంతూరొచ్చి చిత్రకళాశాల పెట్టారు. తాను అందుకున్నది పదిమందికీ పంచారు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఇంట్లోనే ఆయన దగ్గర నేర్చుకుని చిత్రకారిణులయ్యారు.

1925లో మశూచి సోకి, 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. బడి మాత్రం ఆగలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం దాన్ని నడిపించారు. రామారావు చిత్రాలను రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో చూడొచ్చు.