ఔషధ తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

రోగి శయ్యకూ, శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకూ నడుమ వారధి కట్టిన మహనీయులు అరుదు. అట్టివారిలో ఆంధ్రుడైన యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యులు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో వెంకమ్మ, జగన్నాథం దంపతులకు జన్మించారు. పేదరికం బాల్యం నుండే ఆయనను వెన్నాడింది. సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలికావడం ఆయన హృదయాన్ని కలచివేసింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తి చెందవలసివచ్చింది.

1920వ దశకం తొలినాళ్లలో భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి, ఆయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఆచార్య ఫిస్క్‌తో కలిసి 1925లో శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.లపై వారు చేసిన పరిశోధనలు జీవరసాయన శాస్త్రానికి కొత్త వెలుగునిచ్చాయి. అయినా అచ్చట ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు.

1940లో లెడర్లే సంస్థలో చేరిన సుబ్బారావు నేతృత్వంలో, 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. సోదరుని కబళించిన స్ప్రూ వ్యాధికి అది ఔషధమైంది. కణాలు వృద్ధి చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. రక్త క్యాన్సర్‌లో విచ్చలవిడిగా పెరిగే కణాలకు దానిని అందకుండా చేయగలిగితే వాటి పెరుగుదల కుంటుపడుతుంది. ఈ ఆలోచన నుండి, ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూనే దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ రూపొందింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని 16 మంది బాలలపై ప్రయోగించగా, 10 మందికి వ్యాధి తాత్కాలికంగా ఉపశమించింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. అంతవరకు ఆశకే తావులేని తల్లిదండ్రులకు అది తొలి వెలుగురేఖ.

ఆ విజయం ఫలించడాన్ని కన్నులారా చూచే భాగ్యం ఆయనకు కలుగలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయస్సులో, గుండెపోటుతో అస్తమించారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్ చికిత్సలో ఉపకరిస్తున్నది. శరీర రక్షణ వ్యవస్థయే కీళ్లపై దాడిచేసే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో, స్వల్ప మోతాదులో వాడే ఆ మందే లక్షలమంది బాధను తగ్గిస్తున్నది.

1995లో, శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్లను విడుదల చేసింది. కీర్తిని కోరక, పనినే ఆరాధించిన ఆ తపస్వి జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.