దారి తప్పిన తులసిదళం – విప్రనారాయణుడు

ధనుర్మాసపు వేకువలో అమీర్‌పేట, పంజాగుట్ట వీధులు మేల్కొనకముందే ఇళ్ల ముంగిళ్లలో ముగ్గులు వెలుస్తాయి. ఈ నెలలో వైష్ణవాలయాలలో తిరుప్పావైతోపాటు స్వామిని మేల్కొలిపే పది పాశురాల తిరుప్పళ్లియెళుచ్చి కూడా వినిపిస్తుంది. దానిని రచించిన మహనీయుడు ఒకప్పుడు ఆ స్వామినే మరచినవాడు. ఆయనే విప్రనారాయణుడు.

చోళదేశంలోని తిరుమండంగుడిలో, ఇదే ధనుర్మాసంలో, జ్యేష్ఠా నక్షత్రాన ఆయన జన్మించారు. శ్రీహరి వనమాల అంశగా పెద్దలు ఆయనను భావిస్తారు. శ్రీరంగంలో తులసివనం పెంచి, నిత్యం రంగనాథునికి మాలలు సమర్పించడమే ఆయన జీవితం.

దేవదేవి అనే వేశ్య ఆయన నిష్ఠను భంగపరుస్తానని సోదరితో పందెం వేసి, దాసిగా తోటలో చేరింది. ఒక వానరాత్రి ఆమెపై కలిగిన జాలి క్రమంగా మోహమైంది. మాలాకైంకర్యం ఆగిపోయింది. ఉన్నదంతా కరిగిపోయాక ఆమె ఇంటి తలుపులు మూసుకున్నాయి. అప్పుడు కూడా ఆయన స్వామిని వెదకలేదు. స్వామియే ఆయనను వెదికాడు. విప్రనారాయణుని సేవకుడినని చెప్పి, ఆలయంలోని బంగారు గిన్నెను దేవదేవికి అందించి వెళ్లాడు. తెల్లవారగానే దొంగతనం బయటపడింది. రాజభటులు విప్రనారాయణుని బంధించారు. రంగనాథుడు రాజుకు స్వప్నంలో నిజం తెలిపి విడిపించాడు.

ఆయనను కదిలించినది చెరసాల కాదు. తనవంటివానికోసం భగవంతుడు సేవకుడై నడిచి వచ్చాడన్న ఎరుక ఆయన అహంకారాన్ని కరిగించింది. భక్తుల పాదధూళిగా తనను తాను భావించుకొని తొండరడిప్పొడి ఆళ్వారుగా ప్రసిద్ధులయ్యారు. 45 పాశురాల తిరుమాలను స్వామికి అర్పించారు. దేవదేవి సైతం భక్తురాలైందని సంప్రదాయం చెబుతుంది.

ఈ కథ మన నేలకూ ఆత్మీయమైనదే. అమీర్‌పేటకు కొద్ది మైళ్ల దూరంలోని గోల్కొండలో కరణంగా ఉన్న సారంగు తమ్మయ్య, కుతుబ్‌షాహీల కాలంలో దీనినే వైజయంతీ విలాసమనే తెలుగు కావ్యంగా రచించాడు.

విప్రనారాయణుడు తిరిగి వచ్చి కొత్త సాధన ఏదీ వెదకలేదు. విడిచిన పూలసజ్జనే మళ్లీ చేతపట్టారు. ఎప్పుడో ఆగిపోయిన దీపారాధన, మరచిన నామస్మరణ మన ఇళ్లలోనూ ఉండవచ్చు. ఆయన జన్మించిన ఈ నెలలో, భోగి వచ్చేలోగా, వాటిని తిరిగి ఆరంభించడమే ఆ ఆళ్వారుకు మనమర్పించే మాల.